రూఫస్ ట్రెడ్‌వెల్ మోకాళ్ళూ, జీతాల పరిమితీ

జూలై నెలలో ఒక బుధవారం ఉదయం సెయింట్ లూయిస్ స్టీమర్స్ బాస్కెట్‌బాల్ జట్టు యాజమాన్యం పత్రికలకు ఒక ప్రకటన విడుదల చేసింది. రూఫస్ ట్రెడ్‌వెల్ అనే అనుభవజ్ఞుడైన ఆటగాడితో మూడేళ్ళ ఒప్పందం కుదుర్చుకున్నందుకు యాజమాన్యం ఎంతో గర్విస్తున్నదనీ, జట్టు భవిష్యత్తులో ఆయనది కీలక స్థానమనీ మొదటి పేరాలో ఉంది. ఆయన్ను బఫెలో జట్టుకు పంపించేశామని రెండో పేరాలో ఉంది. ఈ రెండు పేరాల నడుమ ఆయన అందించిన సేవలకు మూడో పేరాలో కృతజ్ఞతలు చెప్పారు.

ఆ సమయానికి రూఫస్ ట్రెడ్‌వెల్ మిసిసిపీ నది ఒడ్డున ఆల్టన్ పట్టణంలో ఒక ఐస్‌క్రీమ్ వ్యాను పైకప్పు కడుగుతున్నాడు. వయసు నలభై మూడు. ఎత్తు ఏడడుగులకు రెండంగుళాలు తక్కువ. నిచ్చెన లేకుండా వ్యాన్ల పైకప్పులు కడగగలవాడు ఆ చుట్టుపక్కల మరొకడు లేడు కనుక అతని కార్ వాష్ బాగానే నడుస్తోంది. బాస్కెట్‌బాల్ ఆడి పదకొండేళ్ళయింది. వానొచ్చే ముందు కుడి మోకాలు చెబుతుంది. వానొచ్చాక ఎడమ మోకాలు చెబుతుంది.

ఇందులో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. అంతా చట్టప్రకారమే జరిగింది.

ఆ లీగులో ప్రతి జట్టుకూ జీతాల పరిమితి ఉంటుంది. డబ్బున్న జట్టు మంచి ఆటగాళ్ళనందరినీ ఊడ్చుకుపోకుండా పెద్దలు పెట్టిన కట్టుబాటు అది. పరిమితిని ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదని మొదటి పేజీలో రాశారు. ఎట్టి పరిస్థితిలో ఎలా దాటవచ్చో మిగతా పేజీలన్నింటిలో రాశారు. వాటిలో ముఖ్యమైనది ఇది: బయటివాణ్ణి తెచ్చుకోవడానికి పరిమితి దాటకూడదు గానీ సొంతవాణ్ణి ఉంచుకోవడానికి దాటవచ్చు. కాబట్టి ఒక ఆటగాడు తన జట్టును వదిలి, జీతాలకు చోటు మిగలని ఇంకో జట్టుకు పోవాలనుకుంటే, ముందు తన జట్టులోనే ఉండిపోతానని సంతకం చేయాలి. ఆ సిరా ఆరకముందే అవతలి జట్టుకు మార్పిడి కావాలి. అద్దె ఇల్లు ఖాళీ చేసేవాడు అదే ఇంటికి మరో మూడేళ్ళ ఒప్పందం రాసి, యజమానిని కౌగిలించుకొని, ఆ ఒప్పందాన్ని జేబులో పెట్టుకొని పక్క వీధిలో కాపురం పెట్టడం వంటిదన్నమాట. బదులుగా అవతలి జట్టు ఇంచుమించు అంతే జీతం గల ఆటగాళ్ళను ఇటు పంపాలి. ఆట సమానంగా ఉండాలని ఎక్కడా లేదు. జీతం సమానంగా ఉంటే న్యాయం జరిగినట్టే.

ఆ వేసవిలో బఫెలో జట్టులోని మహా ఆటగాడు డెషాన్ మెరివెదర్‌కి అక్కడి మంచు తన వ్యక్తిత్వానికి సరిపడటం లేదని తోచింది. సెయింట్ లూయిస్ అయితే బాగుంటుందనుకున్నాడు. సెయింట్ లూయిస్ జనరల్ మేనేజర్ ప్రెస్టన్ హాల్వర్సన్ కూడా అలాగే అనుకున్నాడు. బదులు పంపడానికి ఇద్దరు కుర్రవాళ్ళను సిద్ధం చేశాడు. అయినా లెక్కలో ఒక మనిషంత ఖాళీ మిగిలిపోయింది.

ఆ ఖాళీలో ఎవరినో ఒకరిని నిలబెట్టాలి. పరిమితి నిండిపోయింది గనుక బయటివాడు పనికిరాడు, సొంతవాడే కావాలి. అదృష్టవశాత్తూ, జట్టు వదిలి వేరే ఎక్కడా చేరని ఆటగాడి మీద పాత జట్టుకు హక్కు అలాగే ఉండిపోతుంది. ఆ హక్కు వదులుకున్నామని రాసివ్వడానికి సెయింట్ లూయిస్‌లో ఎవరికీ తీరిక దొరకలేదు. వెతికితే అలాంటివాళ్ళు ముగ్గురు తేలారు. ఒకాయన శాసనసభ్యుడై, ఇంత తక్కువ డబ్బుకు సంతకం చేసే అలవాటు తనకు లేదన్నాడు. రెండో ఆయన చనిపోయాడు. చనిపోయినవారితో ఒప్పందం చెల్లుతుందా అని హాల్వర్సన్ లీగు కార్యాలయాన్ని అడిగాడు. నిబంధనల్లో నిషేధమేమీ కనబడలేదు గానీ వైద్యపరీక్ష దగ్గర ఇబ్బంది రావచ్చని సలహా వచ్చింది. మూడోవాడు రూఫస్.

"ట్రెడ్‌వెల్ కార్ వాష్. మైనం పూత కావాలా, మామూలుగానా?" అన్నాడు రూఫస్ ఫోనెత్తి.

"రూఫస్! నేను ప్రెస్టన్ హాల్వర్సన్ని. స్టీమర్స్ నుంచి. ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పు. నువ్వు రిటైరయ్యావా?"

రూఫస్ చాలాసేపు ఆలోచించాడు. "ఏమో సార్. నాకెవరూ చెప్పలేదే" అన్నాడు.

అది నిజమే. పదకొండేళ్ళ కిందట సీజన్ ముగిశాక, మళ్ళీ పిలుస్తాంలే అన్నారు. రెండు వేసవులు ఫోను దగ్గరే కూర్చున్నాడు. మూడో వేసవిలో కార్ వాష్ కౌలుకు తీసుకున్నాడు. పెద్ద ఆటగాళ్ళు రిటైరైతే సభలు పెట్టి ఏడుస్తారు. రూఫస్‌ను ఏడవమని ఎవరూ పిలవలేదు.

"బంగారం లాంటి మాట చెప్పావు. ఇంటికొస్తున్నా, కదలకు" అన్నాడు హాల్వర్సన్. ఆ తరువాతి నెలల్లో రూఫస్ ఆ చివరి మాటను చాలాసార్లు విన్నాడు.

సాయంత్రం హాల్వర్సన్ వచ్చాడు. రూఫస్ భార్య ఓపల్ పీచ్ పళ్ళతో చేసిన కాబ్లర్ అనే తీపి వంటకం పెట్టి, ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఈయన ఆడాలా?"

"అయ్యయ్యో, అంత మాట ఎందుకండీ!"

"మరేం చెయ్యాలి?"

"ఉండాలండి. బఫెలో జట్టులో ఉంటే చాలు."

"ఉండటానికి డబ్బిస్తారా?"

హాల్వర్సన్ ఎంతో చెప్పాడు. కార్లు కడిగి ముప్పై ఏళ్ళలో సంపాదించలేనంత. మొదటి ఏడాదికి మాత్రం గ్యారంటీ, మిగతా రెండేళ్ళూ ఎప్పుడు కావాలంటే అప్పుడు కొట్టేయవచ్చు.

ఓపల్ మొగుడి వైపు తిరిగింది. "విన్నావా? ఇన్నేళ్ళుగా ఆ సోఫాలో నిన్ను ఊరికే ఉండనిచ్చాను. ఎంత నష్టపోయానో చూడు."

రూఫస్ నవ్వాడు గానీ అతని మనసు వేరేచోట ఉంది. ఓపల్‌తో పరిచయమయ్యేసరికే అతని ఆట అయిపోయింది. బురద కొట్టుకున్న పాత బ్యూక్ కారు కడిగించుకోవడానికి వచ్చినప్పుడు మొదటిసారి చూశాడు ఆమెను. అతను ఒకప్పుడు పెద్ద లీగులో ఆడాడంటే ఆమె కాదనేది కాదు, వివరాలూ అడిగేది కాదు. పెళ్ళిలో దూరపు చుట్టం చెప్పే సైన్యం కబుర్లు విన్నట్టు వినేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆమె చూస్తుండగా ఆడాలని రూఫస్‌కి ఉండేది. ఈ కోరిక ఒప్పందంలో ఎక్కడా రాయించలేదు.

బఫెలోలో వైద్యపరీక్ష జరిగింది. అది నెగ్గితేనే మార్పిడి చెల్లుతుంది. అంటే దేశం మొత్తం ఎదురుచూస్తున్న మెరివెదర్ భవిష్యత్తు ఆ మధ్యాహ్నం రూఫస్ మోకాళ్ళ మీద ఆధారపడి ఉంది. డాక్టరు ఎక్స్‌రేలను వెలుతురులో పెట్టి చూశాడు. తిప్పి చూశాడు.

"ఇవెవరివి?"

"నావేనండి" అన్నాడు రూఫస్.

"రెండూనా?"

బఫెలో జనరల్ మేనేజర్ లియొనార్డ్ జిలిన్‌స్కీ అడ్డొచ్చాడు. "డాక్టరుగారూ, మీరు పెద్దవారు. మాకు ఒక్క సంగతే చెప్పండి. ఒప్పందం ప్రకారం చేయాల్సిన పనికి ఇతను పనికొస్తాడా, రాడా?"

"ఏమిటా పని?"

"కూర్చోవడం."

డాక్టరు రూఫస్‌ను కుర్చీలో కూర్చోబెట్టాడు. లేవమన్నాడు. మళ్ళీ కూర్చోమన్నాడు. రెండోసారి కూర్చున్న తీరు చూసి ముచ్చటపడ్డాడు. సంపూర్ణ ఆరోగ్యవంతుడని ధ్రువీకరించాడు. సెయింట్ లూయిస్‌లో బాణాసంచా కాల్చారు.

అయితే లీగు కార్యాలయానికి చిన్న అనుమానం వచ్చింది. సంతకం చేయించేది నిజంగా ఆడించే ఉద్దేశంతోనే అయి ఉండాలని ఒక నిబంధన ఉంది. ఉద్దేశాన్ని నిరూపించడానికి జిలిన్‌స్కీ సభ ఏర్పాటు చేసి, రూఫస్‌కు కొత్త చొక్కా తొడిగి, ఇలా ప్రసంగించాడు:

"మెరివెదర్ వెళ్ళిపోయాడని కొందరు కంటతడి పెడుతున్నారు. నేనడుగుతున్నాను, మెరివెదర్ వయసెంత? ఇరవై ఆరు! ఇరవై ఆరేళ్ళవాడికి జీవితం గురించి ఏం తెలుసు? ట్రెడ్‌వెల్ గారికి నలభై మూడు. అంటే ఈ మార్పిడి వల్ల మన నగరానికి పదిహేడేళ్ళ అనుభవం అదనంగా దక్కింది. గత పదకొండేళ్ళలో ఈయన ఒక్క షాటు గురి తప్పలేదు. ఒక్క ఫౌలు చేయలేదు. రిఫరీతో ఒక్క మాట తూలలేదు. ఇంతటి క్రమశిక్షణ ఈ లీగులో ఇంకెవరికుందో చూపించండి!"

చూపించగలవారెవరూ లేక అందరూ చప్పట్లు కొట్టారు. ఒక విలేఖరి లేచి, "ట్రెడ్‌వెల్ గారూ, మీరు ఆడతారా?" అని అడిగాడు.

"పిలిస్తే ఆడతాను" అన్నాడు రూఫస్.

సభ విరగబడి నవ్వింది. ఈయనకు హాస్యప్రియత్వం కూడా ఉందని మర్నాటి పత్రికలు రాశాయి.

నెల తిరిగాక ఇంటికి పోయి విశ్రాంతి తీసుకొమ్మన్నారు. రూఫస్ పోలేదు. రోజూ పొద్దున్నే మోకాళ్ళకు పట్టీలు చుట్టుకొని ప్రాక్టీసుకు హాజరయ్యేవాడు. కోచ్ హార్వీ బ్రాండ్ గుమ్మం దగ్గరే ఎదురొచ్చేవాడు. "నీకేమైనా అయితే నా ఉద్యోగం పోతుంది నాయనా. ఆ గీత దాటి లోపలికి రాకు" అని బతిమాలేవాడు. రూఫస్‌ను బంతికి దూరంగా ఉంచడానికి ఒక సహాయక కోచ్‌ను ప్రత్యేకంగా నియమించారు. ఆయన పనితనం నచ్చి, శీతాకాలం వచ్చేసరికి మిగతా జట్టును కూడా బంతికి దూరంగా ఉంచే బాధ్యత ఆయనకే అప్పగించారు.

దానికి కారణం ఉంది. అన్నిటికంటే ఎక్కువ ఓడిన జట్టుకు, వచ్చే ఏడాది కొత్తగా వచ్చే ఆటగాళ్ళలో మొదటివాణ్ణి ఎంచుకునే అవకాశం ఇస్తారు. బలహీనులను ఆదుకోవాలన్నది పెద్దల ఆశయం. ఆదుకుంటారని తెలిశాక బలహీనపడటానికి పోటీ మొదలైంది. ఆ ఏడాది కాన్సస్ కాలేజీలో ఒక అద్భుతమైన ఆటగాడు తయారవుతున్నాడు. అతని కోసం బఫెలో ప్రాణం పెట్టి ఓడుతోంది.

ఈలోగా రూఫస్ విలువ పెరిగింది. వేసవిలో ఎప్పుడైనా కొట్టేయగల ఒప్పందం కనుక, జీతాలు తగ్గించుకోవాలనుకునే జట్లన్నీ అతన్ని అడగసాగాయి. అతన్ని తీసుకొని బదులుగా మంచి ఆటగాణ్ణి ఇస్తామని ఒకరు, ఇద్దరినిస్తామని మరొకరు. జిలిన్‌స్కీ బెట్టు చేశాడు. ఆడేవాడి విలువ ఒక చెడ్డ ఆటతో పడిపోవచ్చు. ఆడనివాడికి ఆ భయం లేదు. 'బఫెలో చేతిలోని అత్యంత విలువైన ఆస్తి' అని ఒక పత్రిక రూఫస్ బెంచీ మీద కూర్చున్న ఫోటో వేసింది. ఊళ్ళో జనం అతని పేరున్న చొక్కాలు కొన్నారు. కోడి రెక్కల వేపుడు తినడానికి వెళ్తే హోటలు యజమాని డబ్బు తీసుకునేవాడు కాదు.

"మీ దగ్గర డబ్బులా! మీలాంటివాళ్ళు ఇంకో నలుగురుంటే మన జట్టు ఎక్కడికో పోయేదండీ" అనేవాడు.

ఏప్రిల్‌లో సీజన్‌లోని ఆఖరి ఆట బఫెలోలోనే, సెయింట్ లూయిస్ జట్టుతో పడింది. ఇది ఓడితే బఫెలోకు ఆఖరి స్థానం ఖాయం. గెలిస్తే ఆ గౌరవం ఇంకో జట్టుకు పోతుంది. సెయింట్ లూయిస్ స్థానం అంతకుముందే ఖాయమైపోయింది కనుక వాళ్ళు ముఖ్యులందరికీ విశ్రాంతి ఇచ్చారు. ఆ విధంగా గెలవనవసరం లేని జట్టుకూ గెలవకూడని జట్టుకూ మధ్య హోరాహోరీ పోరు ఏర్పాటైంది. గెలిపించే ప్రమాదమున్న ఆటగాళ్ళందరికీ బఫెలో యాజమాన్యం ముందుగానే గాయాలు ప్రకటించింది. ఒకరికి నడుము నొప్పి, ఒకరికి భావోద్వేగ అలసట, అన్నివిధాలా బాగున్న ఇంకొకరికి 'రెండు చేతుల్లోనూ సాధారణ జాగ్రత్త'.

ఓపల్ ఆ ఆటకు వచ్చింది. మొగుణ్ణి ఇంటికి తీసుకుపోవడానికే వచ్చింది. ఎలాగూ వచ్చాను కదా, ఎలా కూర్చుంటాడో చూద్దామనుకుంది.

ఆట మొదలయ్యే ముందు, సూటు వేసుకున్న ఒక పొడుగాటి యువకుడు రూఫస్ దగ్గరికి వచ్చాడు.

"రూఫస్ అన్నంటే నువ్వేనా?"

"నేనే."

"నేను డెషాన్ మెరివెదర్ని. నీ బదులు అక్కడికి పోయింది నేనే అన్నా. ఆ రోజు నీ మోకాళ్ళు పాసవుతాయో లేదోనని మా అమ్మ చర్చిలో ప్రార్థన చేయించింది. నీ పేరు తెలీదు కదా, 'ఆ మోకాళ్ళను కాపాడు ప్రభూ' అని చేయించింది."

"అమ్మకు థాంక్స్ చెప్పు. ఇంకా పనిచేస్తున్నాయి."

"అయితే ఇవాళ ఆడతావా?" అని మెరివెదర్ నవ్వాడు. రూఫస్ నవ్వలేదు. మెరివెదర్ నవ్వు ఆపి, అతని భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

బఫెలో ఎంత కష్టపడినా సెయింట్ లూయిస్ గెలుపు దక్కించుకోలేకపోతోంది. చివరి నిమిషానికి బఫెలో ఒకే ఒక్క పాయింటు వెనకబడి ఉంది. అంతలో బఫెలో ఆటగాడొకడు మడమ పట్టుకొని పడిపోయాడు. గాయాల ప్రకటన ఉదయమే అయిపోయింది కనుక డాక్టరు మొదట నమ్మలేదు. ఇంకో ఇద్దరు అప్పటికే ఫౌళ్ళు ఎక్కువై బయటికి పోయారు. కోచ్ బ్రాండ్ వెనక్కి తిరిగాడు. బెంచీ మీద రూఫస్, నాలుగు తువ్వాళ్ళు ఉన్నారు.

"నలుగురితో ఆడకూడదా?" అని కోచ్ రిఫరీని అడిగాడు.

"ఐదుగురు ఉండాలి" అన్నాడు రిఫరీ.

కోచ్ రూఫస్ చొక్కా పట్టుకున్నాడు. "మూల నిలబడు. చేతులు పైకెత్తకు. బంతి వస్తే రానీ, పోతే పోనీ. నీకు దణ్ణం పెడతా."

రూఫస్ జాకెట్ విప్పాడు. వేసవిలో ప్యాకెట్లోంచి తీసినప్పటి మడతలు చొక్కా మీద ఇంకా పోలేదు. జనం ఆనందం పట్టలేకపోయారు. ఓటమికి ఇంతకు మించిన హామీ ఉండదు. "ట్రెడ్‌వెల్! ట్రెడ్‌వెల్!" అని హాలు దద్దరిల్లింది. రూఫస్ పైకి చూశాడు. ఓపల్ నిలబడి ఉంది. అరవడం లేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

అవతలి జట్టులోని కుర్రవాడు అతని పక్కకు వచ్చి, "నెమ్మది సార్, నేల జారుతోంది" అన్నాడు మర్యాదగా.

బఫెలోవాడు చెప్పిన ప్రకారం గురి తప్పేలా బంతి విసిరాడు. అది ఇనుప వలయానికి కొట్టుకొని పైకి లేచింది. రూఫస్ తన కాలమంతా చేసిన పని ఒక్కటే. ఇతరులు గురి తప్పిన బంతి ఎటు పడుతుందో అందరికంటే ముందు తెలుసుకుని అక్కడ ఉండటం. మూల నుంచి రెండంగలు వేశాడు. మూడో అంగకు కుర్రవాణ్ణి నడుముతో పక్కకు జరిపాడు, సైకిలు జరిపినట్టు. బంతి తిన్నగా అతని చేతుల్లోకి దిగింది. జిలిన్‌స్కీ మెట్లమీదుగా పరుగెత్తుకొస్తూ "వద్దు! వద్దు!" అని అరుస్తున్నాడు. రూఫస్‌కు వినబడలేదు. చేతులు పైకెత్తి, పెద్దగా ఎగరకుండానే, బంతిని బుట్టలో వేశాడు. గంట మోగింది.

బఫెలో గెలిచింది.

అంత పెద్ద హాల్లో కొంతసేపు ఒక్క మనిషి చప్పట్లే వినిపించాయి. తరువాత ఆ చప్పట్లు వినపడకుండా జనం హేళనగా అరవడం మొదలుపెట్టారు.

"ఏం చేశావయ్యా?" అన్నాడు జిలిన్‌స్కీ, నడవలో ఎదురొచ్చి, ఏడుపు గొంతుతో.

"బుట్టలో వేశానండి."

"ఎందుకు?"

రూఫస్‌కు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "ఆట కదండీ" అన్నాడు.

"ఎవడి ఆట! నువ్వు మనిషివనుకున్నావా? నువ్వొక అంకెవి! ఎంత చక్కటి అంకెవి! పాడుచేసుకున్నావు కదయ్యా!"

మర్నాడే ఒప్పందంలోని మిగతా రెండేళ్ళూ కొట్టేశారు. ముందు రోజు వరకు అతని కోసం ఎగబడిన జట్లు, ఆడేవాడిని ఏం నమ్మి తీసుకుంటామని వెనక్కి తగ్గాయి. స్వార్థం కోసం నగర భవిష్యత్తును బలిపెట్టాడని పత్రిక సంపాదకీయం రాసింది. హోటలు యజమాని కోడి రెక్కల బిల్లు పంపాడు, ఏడాది మొత్తానికీ. లీగు పెద్దలు సమావేశమై, ఇకపై ఇలా సంతకం చేసి మార్చే ఆటగాడు ముందటి ఏడాది నిజంగా జట్టులో ఉండి తీరాలని సవరణ చేశారు. దాన్ని దాటే మార్గం వారంలోపే దొరికిందని వినికిడి.

ఓపల్ కారు నడుపుతుంటే రూఫస్ వెనక సీట్లో అడ్డంగా కూర్చుని, రెండు మోకాళ్ళ మీదా ఐసు సంచులు పెట్టుకున్నాడు. కారు ఒహాయో దాటింది.

"అయితే నువ్వు నిజంగానే ఆడేవాడివన్నమాట" అంది ఓపల్, అద్దంలో అతన్ని చూస్తూ.

"మరేమనుకున్నావు?"

"ఏమో. పొడుగ్గా ఉన్నావు కదా, ఎవరు కాదంటారని బుకాయిస్తున్నావనుకున్నా." అద్దం సర్దుకుని మళ్ళీ అంది. "ఆ పిల్లాణ్ణి అలా పక్కకు తోశావే. అదెలా చేశావు?"

రూఫస్ చెప్పడం మొదలుపెట్టాడు. ఆల్టన్ వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు. ఈసారి ఆమె వివరాలన్నీ అడిగింది.

ఊరికి వచ్చాక మాత్రం అతనికి వేరే ప్రశ్న ఎదురైంది. కారు కడిగించుకోవడానికి వచ్చిన ప్రతివాడూ అదే అడిగాడు. ఊరికే వచ్చే జీతం కదా, ఇంకో రెండేళ్ళు వచ్చేది కదా, ఆ బంతిని చూడనట్టు వదిలేస్తే ఏం పోయేది? పాదిరిగారు అడిగారు. పిల్లలకు నీతిపాఠాలు చెప్పే టీచరమ్మ అడిగింది. ప్రభుత్వ కార్యాలయంలో పని చేసి, పూలదండతో, పూర్తి పింఛనుతో దిగిపోయిన పెద్దమనిషి మందలించాడు కూడా. "నా బల్ల మీదికి ఎన్నిసార్లు బంతి వచ్చిందో తెలుసా నాయనా? ఒక్కసారైనా ముట్టుకున్నానా?"

పాఠకులు కూడా ఆ బంతి రూఫస్ చేతుల్లోకి దిగిన క్షణాన, "అయ్యో, వెయ్యకయ్యా, రెండేళ్ళ జీతం!" అని మనసులో అనుకొని ఉంటే సిగ్గుపడనక్కరలేదు. లోకంలోని సంస్థలన్నీ సజావుగా నడుస్తున్నది మీవంటి వివేకవంతుల వల్లనే. మీకు సన్మానం చేయడానికి మేమే మీ దగ్గరికి వస్తాం. వద్దు వద్దు, లేవకండి.